తిరుపతి రాయలసీమేనా? ‘సీమ’ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది

జిల్లాల సరిహద్దుల మీద చర్చ మొదలైన ప్రతిసారీ తిరుపతిలో ఒక పాత వాదన మళ్లీ లేస్తుంది. గూడూరును ఏ జిల్లాలో ఉంచాలి, మదనపల్లె ఎటు పోవాలి, వెంకటగిరి నుంచి కలెక్టరేటు ఎంత దూరం అని మొదలై, కాసేపటికి ‘అసలు మనం సీమవాళ్లమేనా’ అన్నచోటికి వచ్చి ఆగుతుంది. టీ అంగడి దగ్గర ఒకాయన ‘మేం సీమోళ్లం’ అంటాడు. పక్కనున్నాయన ‘సీమంటే కడప, కర్నూలు, అనంతపురం కదప్పా, మనది చిత్తూరు’ అంటాడు. గూడూరు నుంచి పనిమీద వచ్చినాయన ‘మమ్మల్ని మాత్రం నెల్లూరోళ్లనే అనండి’ అంటాడు.

వాదన తెగకపోవడానికి కారణం ముగ్గురి దగ్గరా ఆధారాలుండటమే. ఒకరు జిల్లాల పట్టిక చూసి మాట్లాడుతున్నారు, ఒకరు చరిత్ర, ఒకరు ఇంటి భాష. రాయలసీమ అనే పేరుతో కలెక్టరు లేడు, సర్వే రాయి లేదు. పరిపాలనలో అది ఎప్పుడూ ఒక విభాగం కాదు. అయినా చట్టంలో ఉంది, వాతావరణ బులెటిన్‌లో ఉంది, తిరుపతి నుంచి బయల్దేరే రాయలసీమ ఎక్స్‌ప్రెస్ పేరులో ఉంది. ఒక్కోచోట దాని హద్దు ఒక్కోలా ఉంటుంది. ఆ హద్దులన్నీ ఒకదాన్నొకటి కోసుకునే చోటు తిరుపతి.

సీమంటే హద్దా, హద్దులోపలి నేలా?

సంస్కృతంలో సీమ అంటే హద్దు. తెలుగులోకి వచ్చేసరికి ఆ హద్దు లోపలున్న నేలకే అది పేరైంది. విజయనగర కాలపు శాసనాల్లో నాడు, సీమ, రాజ్యం అనేవి భూభాగాలను చెప్పే మాటలు. కోనసీమ, పల్నాటి సీమ ఆ వాడుకలోవే. ఈ రెంటి పేరుతోనూ 2022లో జిల్లాలు వచ్చాయి కాబట్టి వాటికిప్పుడు కచ్చితమైన గీత ఉంది. రాయలసీమకు ఆ అదృష్టం పట్టలేదు.

ఇంకో వాడుక కూడా ఉంది. సీమచింతకాయ, సీమసున్నం, సీమటపాకాయ అన్నప్పుడు సీమ అంటే సముద్రం అవతలి దేశం. ‘దొర సీమకు పోయినాడు’ అంటే ఇంగ్లండుకు పోయాడని. దాన్ని ఇక్కడితో వదిలేద్దాం. సీమచింత చెట్టు చిత్తూరు జిల్లాలో ఎంత విరివిగా ఉన్నా ఆ పేరుకూ రాయలసీమకూ సంబంధం లేదు.

దత్తమండలాలకు కొత్త పేరు ఎలా వచ్చింది

మైసూరు యుద్ధాల తర్వాత 1792లోనూ 1799లోనూ టిప్పు రాజ్యం నుంచి నిజాముకు కొన్ని భూములు దక్కాయి. తన రక్షణ కోసం ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద 1800 అక్టోబరులో నిజాము వాటిని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. స్థూలంగా బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో చాలా భాగం. ఇచ్చేసిన భూములు కాబట్టి ‘దత్తమండలాలు’ అన్నారు. థామస్ మన్రో అక్కడ మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు. 1808లో దీన్ని బళ్లారి, కడప జిల్లాలుగా విడదీశారు. కర్నూలు నవాబును 1839లో తొలగించాక ఆ ప్రాంతం నేరుగా కంపెనీ చేతికి వచ్చింది. అనంతపురం 1882లో బళ్లారి నుంచి విడిపోయింది.

ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అన్న అర్థం అక్కడి చదువుకున్నవాళ్లకు గుచ్చుకుంది. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, దానితోపాటే దత్తమండలాల సభ కూడా జరిగింది. అక్కడే పండితుడు చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అన్న పేరు సూచించారు, సభ ఒప్పుకుంది. విజయనగర రాయలు ఏలిన నేల అని భావం. ఈ పేరు గాడిచర్ల హరిసర్వోత్తమరావు పెట్టారని చాలాకాలం ప్రచారంలో ఉంది, ఇప్పటికీ కొన్ని గైడ్లలో అలాగే ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అంతకుముందున్న ఒక నైసర్గిక ప్రాంతాన్ని కొలిచి దానికి పెట్టిన పేరు కాదిది. 1800 నాటి ఒక ఒప్పందం ఒకచోట చేర్చిన తాలూకాలకు 128 ఏళ్ల తర్వాత పెట్టిన గౌరవనామం. బళ్లారి పట్టణం ఆ దత్తమండలాల నడిబొడ్డున ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, బళ్లారి మైసూరు రాష్ట్రానికి పోయింది. ఇవాళ ఎవరూ బళ్లారిని రాయలసీమ అనరు. లోపలున్నది బయటికి పోయింది. మరి బయటున్నది లోపలికి రావడం?

చిత్తూరు వెనకవాకిలి నుంచి వచ్చింది

తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి, చిత్తూరు ఈ దత్తమండలాల్లో లేవు. ఇవి ఆర్కాటు నవాబు ఏలుబడిలోని కర్ణాటక ప్రాంతం. 1801లో నవాబుతో చేసుకున్న వేరే ఒప్పందం ద్వారా ఇవి కంపెనీకి దక్కాయి, ఉత్తర ఆర్కాటు జిల్లాలో చేరాయి. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం మన చిత్తూరే. వేలూరు, తిరుత్తణి వాళ్లు కూడా జిల్లా కచేరీ పనికి చిత్తూరు వచ్చేవాళ్లు. తిరుపతి చంద్రగిరి తాలూకాలో ఒక ఊరు.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా పుట్టింది. ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు, కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందారీ ప్రాంతాలు. కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు. ఈ చివరి రెండూ దత్తమండలాల నుంచి వచ్చినవి. అంటే రాయలసీమ పేరు పుట్టేనాటికి చిత్తూరు జిల్లాలో పడమటి భాగానికి మాత్రమే ఆ పేరు మీద వారసత్వపు హక్కు ఉంది. తిరుపతి వైపు చాలా భాగానికి లేదు.

తమిళుల వైపు నుంచి చూస్తే ఈ నేల ఇంకో హద్దు. ప్రాచీన తమిళ వ్యాకరణం తొల్కాప్పియం ముందుమాట తమిళం మాట్లాడే నేలకు ఉత్తరాన వేంకటం, దక్షిణాన కుమరి అని హద్దులు చెబుతుంది. ఆ వేంకటమే తిరుమల కొండ. 1950లలో మ.పొ. శివజ్ఞానం లాంటి నాయకులు తిరుపతి, తిరుత్తణి తమకు రావాలని ఉద్యమించింది ఈ ఆధారంతోనే. చివరికి సరిహద్దు తగాదాలో మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ సూచనల మేరకు 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు వైపు పల్లెలు చిత్తూరుకు వచ్చాయి. అంటే సత్యవేడు దత్తమండలమూ కాదు, 1911 నాటి చిత్తూరూ కాదు. అయినా 1960 నుంచి ఎవరిని అడిగినా అది రాయలసీమ లెక్కలోనే ఉంది.

ఇలా ఎందుకైంది? జిల్లా ఒక మూటలాంటిది. మూటను ఎటు మోస్తే లోపలున్నవన్నీ అటే పోతాయి. మద్రాసు రాష్ట్ర రాజకీయాల్లో కోస్తా జిల్లాల పెత్తనం మీద దత్తమండలాల వాళ్లు గొంతెత్తినప్పుడు మెట్ట పొలాలు, చెరువుల మీద బతికే చిత్తూరు నాయకులకు కృష్ణా, గోదావరి డెల్టాల కన్నా కడప, అనంతపురాలే దగ్గరగా కనిపించాయి. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు అన్న నాలుగు పేర్లు ఒక్క ఊపిరిలో పలకడం అలవాటైపోయింది. మూడు తరాలుగా పాఠ్యపుస్తకాల్లో అదే చదువుకున్నాం.

రాయలు అన్న మాట పట్టుకుని చూస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత రాయల రాజధాని పెనుకొండకు, ఆ తర్వాత 16వ శతాబ్దం చివర్లో చంద్రగిరికి, అక్కడి నుంచి వేలూరుకు మారింది. చంద్రగిరి కోటలో రాజమహలు ఇంకా నిలబడే ఉంది. తిరుమల గుడిలో కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలు చేతులు జోడించి నిలుచున్నాయి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు ఉంది. దత్తమండలం కాని తిరుపతి పరిసరాల్లో రాయల గుర్తులు ఇన్ని! నాకైతే ఈ వాదనలో తిరుపతి వైపు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం ఇదే అనిపిస్తుంది. కాకపోతే ఇదే లెక్కన వేలూరునూ రాయలసీమ అనాలి. అక్కడ ఎవరూ ఒప్పుకోరు.

కొండలు గీసిన గీత

మనుషుల ఒప్పందాలు పక్కనబెట్టి నేలను చూస్తే? నగరి కొండల దగ్గర మొదలై వెలిగొండలు ఉత్తరంగా సాగి కడపకూ నెల్లూరుకూ నడుమ గోడలా నిలుస్తాయి. భూగోళం పుస్తకాల్లో కోస్తాకూ సీమకూ సహజమైన హద్దు అంటే ఇవే. ఈ గీత ప్రకారం వెంకటగిరి, గూడూరు, సూళ్లూరుపేట కొండలకు తూర్పున కోస్తా మైదానంలో ఉన్నాయి. అందులో అనుమానం లేదు.

చిక్కంతా తిరుపతితోనే. ఊరు శేషాచలం కొండల దక్షిణపు పాదాల దగ్గర, సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తులో ఉంది. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తులో పీఠభూమి మీద ఉంది. తిరుపతి నుంచి మదనపల్లె బస్సెక్కితే భాకరాపేట కనుమ దగ్గర రోడ్డు మెలికలు తిరుగుతూ పైకెక్కుతుంది, గాలి మారినట్టు తెలుస్తుంది. చంద్రగిరి వైపు నుంచి వచ్చే స్వర్ణముఖి తిరుపతి పక్కగా, కాళహస్తి గుడి పక్కగా, నాయుడుపేట మీదుగా తూర్పుకు పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. నీళ్లు ఎటు పారితే అటే అనుకుంటే తిరుపతి సముద్రం వైపు చూస్తున్న ఊరే.

వాన లెక్క కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిస్తే ఉమ్మడి చిత్తూరు జిల్లా సగటు 900 దాటుతుంది. తేడాకు ప్రధాన కారణం ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే నెల్లూరు మీద కురిసే వానే తిరుపతి మీదా కురుస్తుంది, పీఠభూమి లోపలికి పోయేకొద్దీ తగ్గిపోతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులయ్యాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల పల్లెల్ని ఖాళీ చేయించారు. ‘సీమ అంటే కరువు’ అని నేర్చుకున్నవాళ్లకు ఆ వారం టీవీ చూస్తే ఏ జిల్లా వార్తలో అర్థమై ఉండదు.

అయినా వాతావరణ శాఖ తన ఉపవిభాగాల్లో ఉమ్మడి చిత్తూరును రాయలసీమ కిందే చూపుతుంది, నెల్లూరును కోస్తా కింద. అవి వాన స్వభావాన్ని బట్టే కాక జిల్లా హద్దుల్ని అనుసరించి గీసిన విభాగాలు కాబట్టి అలా ఉంటుంది. బులెటిన్‌లో ‘దక్షిణ కోస్తాలో భారీ వర్షాలు’ అని వస్తే తిరుపతివాళ్లు ‘మనకు కాదులే’ అనుకోకూడదని ఇక్కడివాళ్లు అనుభవంతో నేర్చుకున్నారు.

చదువుకు ఒక గీత, ఉద్యోగానికి మరో గీత

ఇంటర్ అయిన పిల్లలున్న ఇళ్లలో నిజంగా టెన్షన్ పెట్టే గీతలు ఇవి. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద రాష్ట్రపతి రెండు వేర్వేరు ఉత్తర్వులిచ్చారు, ఒకటి 1974లో విద్యాసంస్థల ప్రవేశాలకు, ఇంకొకటి 1975లో ఉద్యోగాలకు. రెండింటిలోనూ ‘స్థానికులు’ అన్న మాట ఉంది, కానీ స్థానికత కొలిచే ప్రాంతం ఒకటి కాదు.

చదువుల ఉత్తర్వులో ప్రాంతాలను విశ్వవిద్యాలయాల పేర్లతో విడదీశారు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలో చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, వాటితోపాటు నెల్లూరు. మిగతా కోస్తా ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం. ఉద్యోగాల ఉత్తర్వులో జోన్లున్నాయి. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు మూడో జోను. చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు నాలుగో జోను.

గూడూరులో పుట్టి అక్కడే ఇంటర్ దాకా చదివిన ఒక అమ్మాయిని ఊహించుకుందాం. మెడికల్ సీటు కౌన్సెలింగులో ఆమెది ఎస్వీయూ ప్రాంతం, అంటే తిరుపతి, కడప, కర్నూలు కాలేజీల్లో 85 శాతం స్థానిక సీట్లకు మదనపల్లె అమ్మాయితో సమానంగా పోటీ పడుతుంది. గుంటూరు కాలేజీలో స్థానికేతరురాలు. చదువు ముగించి జోనల్ పోస్టుకు దరఖాస్తు చేసేసరికి మొత్తం తారుమారు. మూడో జోను కాబట్టి గుంటూరులో స్థానికురాలు, తిరుపతిలో కాదు. చదువుకునేటప్పుడు సీమ పిల్ల, కొలువు దగ్గరికి వచ్చేసరికి కోస్తా పిల్ల. ఊరు మారలేదు, ఇల్లు మారలేదు.

2022లో ఆమె ఊరు తిరుపతి జిల్లాలోకి వచ్చినంత మాత్రాన ఇది సర్దుకోలేదు. జిల్లాలను విడదీయడం రాష్ట్ర ప్రభుత్వం చేయగలిగిన పని, స్థానికత ఉత్తర్వును మార్చాలంటే మళ్లీ రాష్ట్రపతి దాకా పోవాలి. 2025 మెగా డీఎస్సీలో టీచరు పోస్టులు పూర్వపు 13 జిల్లాల లెక్కనే భర్తీ చేశారు. దరఖాస్తులో ‘తిరుపతి జిల్లా’ కోసం వెతికినవాళ్లు చిత్తూరో నెల్లూరో ఎంచుకోవాల్సి వచ్చింది. చిరునామాలో ఒక జిల్లా, స్థానికతలో ఇంకో జిల్లా రాసుకోవడం ఇక్కడ తప్పు కాదు, రూలే అది.

నీళ్లు, నిధులు అడిగేటప్పుడు

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక చేసుకున్నారు. రాజధాని, హైకోర్టులలో ఒకటి సీమకు అన్న షరతే అందరికీ తెలుసు. నీళ్ల షరతు అంతగా చర్చకు రాదు. తుంగభద్ర, కృష్ణ, పెన్న జలాల వాడకంలో రాయలసీమకూ నెల్లూరు జిల్లాకూ ముందు ప్రాధాన్యమివ్వాలని అందులో ఉంది. ఈ ఒక్క వాక్యాన్ని రెండు వర్గాలూ వాడుకుంటాయి. నెల్లూరును విడిగా పేర్కొన్నారంటే అది సీమ కాదనేగా అని ఒకరు. సీమతో కలిపి అడిగారంటే ఇద్దరి అవసరం ఒకటేనని ఇంకొకరు. చదివితే రెండూ నిజమే.

ఇప్పటి నీళ్ల దారి కూడా ఈ గీతను లెక్కచేయదు. తెలుగుగంగ ద్వారా వచ్చే శ్రీశైలం నీళ్లు సోమశిల మీదుగా నెల్లూరు జిల్లాలోని కండలేరులో నిల్వ ఉంటాయి. అక్కడి నుంచి మద్రాసుకు పోయే నీళ్లలోంచే తిరుపతికీ తాగునీరు అందుతుంది. కల్యాణి డ్యాం ఎండిన ఏడు ఊరు కండలేరు వైపే చూస్తుంది.

నిధుల దగ్గర మాత్రం గీత గట్టిగా ఉంది. 2014 పునర్విభజన చట్టం 46వ సెక్షన్ ప్రత్యేక ప్యాకేజీ గురించి చెబుతూ రాయలసీమ, ఉత్తరకోస్తా ప్రాంతాలను పేరుపెట్టి ప్రస్తావించింది. డబ్బు విడుదల చేసేటప్పుడు కేంద్రం జిల్లాలను లెక్కపెట్టింది. సీమలో కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, ఉత్తరాన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం. ఏడు జిల్లాలకు ఏడాదికి 50 కోట్ల చొప్పున. ఆ పట్టికలో చిత్తూరు ఉంది, నెల్లూరు లేదు. కాబట్టి శ్రీకాళహస్తి వెనకబడిన ప్రాంతం కిందికి వచ్చింది, దానికి ఆనుకునే ఉన్న వెంకటగిరి రాలేదు. ఈ రెండు ఊళ్ల పొలాల్లో అంత తేడా చూపించమంటే ఎవరికైనా కష్టమే.

గీతను రాజకీయ అవసరం ఎంత తేలిగ్గా జరపగలదో 2013లో చూశాం. రాష్ట్ర విభజన చర్చల్లో కర్నూలు, అనంతపురం జిల్లాలను మాత్రం కలిపి ‘రాయల తెలంగాణ’ చేయాలన్న ప్రతిపాదన కొన్నాళ్లు ఢిల్లీలో తిరిగింది. అది జరిగి ఉంటే చిత్తూరు, కడప ఏ సీమ అయి ఉండేవి? ఇంకోవైపు నెల్లూరు, ప్రకాశం కలిపి ‘గ్రేటర్ రాయలసీమ’ కావాలన్న వాదన కూడా అప్పుడప్పుడూ వినిపిస్తుంది. ఒకటి సీమను సగానికి కోస్తుంది, రెండోది ఒకటిన్నర రెట్లు చేస్తుంది.

2022 తర్వాత: గూడూరు సీమలోకి వచ్చినట్టేనా?

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 26 అయ్యాయి. లోక్‌సభ నియోజకవర్గాన్ని ప్రాతిపదికగా తీసుకుని, అక్కడక్కడ సవరించారు. తిరుపతి లోక్‌సభలో సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు ఉన్నాయి. నెల్లూరు పట్టణానికి ఆనుకుని ఉందని సర్వేపల్లిని అక్కడే ఉంచారు. చిత్తూరు లోక్‌సభలో ఉన్న చంద్రగిరిని తిరుపతికి దగ్గర కాబట్టి ఇటు కలిపారు. మదనపల్లె, పీలేరు అన్నమయ్య జిల్లాకు పోయాయి. అప్పటి నుంచి ‘సీమ నాలుగు జిల్లాలు ఎనిమిదయ్యాయి’ అనడం మొదలైంది. ఆ ఎనిమిదిలో తిరుపతి ఒకటి.

తిరుపతి జిల్లా మొత్తం సీమే అనేవాళ్లు ఇంతకుముందు మనం చూసిన మూట సూత్రాన్నే చెబుతారు. 1911లో, 1960లో జిల్లా ఎటు పోతే ఊళ్లు అటు పోయాయి, సత్యవేడు ఒక తరంలో సీమ అయిపోయింది, గూడూరూ అవుతుందని వాళ్ల మాటగా ఉండేది. ప్రణాళికలు, సమీక్షలు, పత్రికల జిల్లా పేజీలు అప్పటికే అలా నడుస్తున్నాయి కదా అనేవాళ్లు.

కాదనేవాళ్లు మూడు సంగతులు ముందుంచుతారు. వెలిగొండలు కదల్లేదు. జోన్లలో గూడూరు ఇంకా నెల్లూరుతోనే లెక్క. పైగా అక్కడివాళ్లే తమను సీమవాళ్లని అనుకోవడం లేదు. 2022 నుంచి గూడూరును తిరిగి నెల్లూరులో కలపాలన్న డిమాండు ఆగకుండా వినబడటమే దానికి గుర్తు, 2025 చివరి మార్పుల్లో గూడూరు తిరిగి నెల్లూరు జిల్లాకే పోయింది కూడా. ఈ మూడోది నాకు బరువైనదిగా కనిపిస్తుంది. చిత్తూరు 1930ల నుంచి సీమ రాజకీయాల్లో తనంతట తాను నిలబడింది, ఆ ఇష్టం గూడూరులో ఇంకా కనబడలేదు. జిల్లా మార్చడానికి ఒక గెజిట్ చాలు. ‘మేం ఫలానావాళ్లం’ అని జనం చెప్పుకోవడం మారాలంటే పెళ్లిసంబంధాలు, సంతలు, బస్సు రూట్లు మారాలి. సత్యవేడు లెక్కలో సీమే అయినా అక్కడ ఇవాళ్టికీ మద్రాసు బస్సుకే రద్దీ ఎక్కువ.

యాస మాత్రం ఎవరి గీతా వినదు

భాషాశాస్త్రజ్ఞులు తెలుగు మాండలికాలను స్థూలంగా నాలుగు మండలాలుగా విడదీసినప్పుడు నెల్లూరును రాయలసీమ జిల్లాలతో కలిపి దక్షిణ మండలంలో పెట్టారు. చెవిపెట్టి వింటే తెలుస్తుంది. ‘వస్తున్నాను’ బదులు ‘వస్తా ఉండా’ గూడూరులోనూ వినబడుతుంది, చంద్రగిరిలోనూ. ఉద్యోగాల ఉత్తర్వు విడదీసినవాళ్లను క్రియాపదం కలిపేసింది. చిత్తూరు వైపు పోయేకొద్దీ తమిళం, పలమనేరు, కుప్పం దాటేకొద్దీ కన్నడం కలుస్తాయి. కడపవాళ్లకు చిత్తూరు మాట ‘అరవ తెలుగు’లా వినబడితే చిత్తూరువాళ్లకు కడప మాట గట్టిగా కొట్టినట్టుంటుంది. సినిమాల్లో వినే ‘సీమ యాస’ వీటిలో ఏదీ కాదు, హైదరాబాదులో తయారైన ఇంకొకటి. తిరుపతి కుర్రాడు హైదరాబాదు హాస్టల్లో ‘మీది సీమ కదా, బాంబులుంటాయా?’ అన్న ప్రశ్న ఎదుర్కోవడం ఆ సినిమాల పుణ్యమే. ఆ క్షణంలో చాలామంది తిరుపతివాళ్లు ఉన్నట్టుండి చిత్తూరువాళ్లైపోతారు. అదే కుర్రాడు సాగునీళ్ల గురించో హైకోర్టు గురించో మాట వచ్చినప్పుడు ‘మా సీమకు అన్యాయం’ అంటాడు. ఇందులో దొంగతనమేమీ లేదు. ఆ మాటకు అన్ని అర్థాలూ ఉన్నాయి, ఆయనకు అప్పటికి కావలసింది తీసుకుంటున్నాడు.

పోటీ పరీక్షల వాళ్లకు మాత్రం ఈ స్వేచ్ఛ లేదు, ఒకే గడి నింపాలి. ‘రాయలసీమలో సముద్రతీరమున్న జిల్లా ఏది?’ అన్న ప్రశ్ననే తీసుకోండి. 2022కు ముందు అచ్చయిన పుస్తకం చదివినవాళ్లు ‘ఏదీ లేదు’ అని రాస్తారు. తర్వాతది చదివినవాళ్లు తడ, వాకాడు మండలాల తీరాన్ని, పులికాటు సరస్సును, శ్రీహరికోట రాకెట్ కేంద్రాన్ని తలుచుకుని ‘తిరుపతి’ అని రాస్తారు. నైసర్గిక ప్రాంతాల పాఠం చదివినవాళ్లు మళ్లీ ‘ఏదీ లేదు’ దగ్గరికే వస్తారు. ఏ ఏటి జిల్లాలో, ఏ అర్థంలో సీమో ప్రశ్నలో రాయకపోతే కీ మీద అభ్యంతరాలు రావడం ఖాయం. వాటిని కొట్టేయడానికి కమిటీ దగ్గర సరైన కారణమూ ఉండదు.